పరుపాసనం

మా అపార్టుమెంటు పై అంతస్తులో ఉండే అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఖమ్మంలో ఇంటర్ చదవడమంటే ఏమిటో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుతుండగానే పసుపురంగు బస్సు వచ్చి పిల్లల్ని మింగేస్తుంది, పొద్దుగూకాక తెచ్చి కక్కుతుంది. మొన్న ఆదివారం నేను మేడమీద ఎండుమిరపకాయలు తిరగేస్తుంటే, ఆ పిల్ల వచ్చి నీలంరంగు చాప పరిచి, ఫోను ఎదురుగా నిలబెట్టుకొని, కళ్ళు మూసుకొని కూర్చుంది. ఫోనులోంచి ఎవరో ఆడమనిషి జోలపాట పాడుతున్నట్టు ఇంగ్లీషులో ఊపిరి పీల్చమనీ, వదలమనీ చెబుతోంది. ఈ పిల్ల నిండుగా పీల్చింది. నా మిరపకాయల ఘాటంతా లోపలికి పోయి దగ్గు తెర ఆగలేదు. నీళ్ళిచ్చి వీపు రాశాక, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది: “ఆంటీ, గిది రోజూ చెయ్యమంటున్నరు కాలేజీల. టెన్షన్ తగ్గుతదంట. నిజంగనే తగ్గుతదా?” అంతలో కిందినుంచి వాళ్ళమ్మ టిఫినుకు పిలిచింది. చాప చుట్టుకొని వెళ్ళిపోయింది. నేనేమో మిరపకాయలు సగం తిరగేసి, సగం మరిచిపోయి, ఒకప్పుడు నాతో పనిచేసిన ఆపా గురించి ఆలోచిస్తూ నిలబడిపోయాను.

నేను తెలుగు టీచరుగా చేసిన కాలంలో కొన్నేళ్ళు చర్ల అవతల అడవిలో ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో ఉన్నాను. ఆ బదిలీ కాగితం చూసి మా ఇంట్లో అందరూ నన్ను సరిహద్దుకు యుద్ధానికి పంపుతున్నట్టు ముఖాలు పెట్టారు. మా అత్తగారు దోమతెర, కారప్పొడి, ఒక పెద్ద టార్చిలైటు సర్ది ఇచ్చారు. తీరా వెళ్ళాక అక్కడ నన్ను భయపెట్టింది అడవి కాదు, పిల్లల నవ్వు. మాది ఎర్రుపాలెం పక్క, జిల్లా సరిహద్దులో ఒక పల్లె. నా మాటలో అవతలి జిల్లా యాస ఉంటుంది. నేను “రండమ్మా, కూర్చోండి” అంటే చాలు, తరగతి తరగతే కిసుక్కుమనేది. ఇంట్లో వాళ్ళ భాష వేరు, బడిలో తెలుగు వేరు, నా తెలుగు మరీ వేరు. “మేడం సినిమాల లెక్క మాట్లాడుతది” అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకొనేవాళ్ళు. అది మెచ్చుకోలో వెక్కిరింతో నాకు చాలా రోజులు తేలలేదు.

అక్కడ నాకు దొరికిన మనిషి ఆపా. ఆమె మా బడికి వ్యాయామం, యోగా టీచరు. సొంతూరు మధిర. తాతలనాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. మధిర, ఎర్రుపాలెం ఒకే రైలుదారి మీద ఊళ్ళు కాబట్టి, కలిసిన తొలిరోజే మేమిద్దరం చుట్టాలమైపోయాం. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను ఆపా అనేదాన్ని, అంటే ఉర్దూలో అక్క. ఆమె నన్ను చెల్లే అనేది. నా నోట విని పిల్లలు కూడా ఆపా మేడం అనడం మొదలుపెట్టారు. కొత్తగా చేరిన ఆరోతరగతి వాళ్ళు మాత్రం, ఈల ఊది ఆటలు ఆపుతుంది కనక ఆపా మేడం అనుకొనేవాళ్ళు. యోగా టీచరనగానే మనకు కళ్ళముందు మెదిలే సన్నని రూపం కాదు ఆమెది. పొట్టిగా, పుష్టిగా ఉండేది. నెత్తిమీద దుపట్టా, మెడలో ఈల, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక తినుబండారం. కాని వజ్రాసనంలో కూర్చుందంటే నేలలోంచి మొలిచినట్టు ఉండేది. పిల్లలకు చాపల్లేవని పై అధికారులకు రాసి రాసి విసిగి, పుట్టింటి నుంచి పరుపులకు వాడే చారల గుడ్డ తానులు రెండు తెచ్చి, తానే మడతలు పెట్టి కుట్టింది. మా పిల్లల యోగా చాపలన్నీ నీలం తెలుపు చారల పరుపు గుడ్డలే. వర్షాకాలంలో అవి వరండా పొడుగునా ఆరుతుంటే మా బడి పెళ్ళివారి విడిదిలా కనిపించేది.

ఆ బడికి ఒక లీడరు ఉండేది. పదోతరగతి పిల్ల. పొద్దున ప్రార్థనలో నిలబడి “సావధాన్!” అందంటే వంటగదిలో ఉన్న వంటమనిషి కూడా గరిటె పట్టుకొని నిటారుగా అయ్యేది. అంత గొంతు. పాలపళ్ళు ఊడే పిల్లల దగ్గర నుంచి తన ఈడు వాళ్ళ వరకూ అందరికీ ఆమె లీడరక్కే. జడలు వెయ్యడం, జ్వరం వస్తే పక్కన కూర్చోవడం, అన్నంలో రాళ్ళొస్తే వెళ్ళి వంటమనిషితో తగువు పెట్టుకోవడం, అన్నీ ఆ పిల్లే. తండ్రి లేడని తెలుసు. తల్లి ఊళ్ళో పోడు సేద్యం చేసుకుంటూ, ఎండాకాలం బీడీల తునికాకు ఏరుకుంటూ చిన్న కొడుకుతో ఉంటుందనీ తెలుసు. వాళ్ళ ఊరు రెండు వాగుల అవతల.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, ఒక ముసురు పొద్దున, ప్రార్థన మధ్యలో ఆ లీడరక్కే పడిపోయింది. “విశ్రామ్” అనబోయి, నోరు తెరిచి, గాలి అందనట్టు రెండుసార్లు ఎగపీల్చి, నరికిన చెట్టులా ముందుకు పడింది. మోకాలు చిట్లింది. మేము ఎత్తి లోపల పడుకోబెట్టేసరికి వరుసలో మరో ఇద్దరు పడ్డారు. మరునాడు మబ్బు పట్టగానే ఇంకొందరు. ఛాతీ పట్టేసిందనీ, చేతులు తిమ్మిరెక్కాయనీ, ఎవరో గొంతు నొక్కుతున్నట్టుందనీ ఏడ్చేవాళ్ళు. పక్క ఊరి దవాఖానా డాక్టరు వచ్చి అందరినీ చూసి, రక్తపరీక్షలు చేయించి, “ఏమీ లేదు, నీరసం” అని బలం గోలీలు ఇచ్చి వెళ్ళాడు. గోలీలు అయిపోయాయి, పడిపోవడాలు ఆగలేదు. వెనక ఇప్పచెట్టు దగ్గర ఏదో ఉందని పుకారు పుట్టింది. దాంతో తల్లిదండ్రులు రావడం మొదలైంది. ఒకరి వెనక ఒకరు ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకొని పిల్లల్ని తీసుకుపోతుంటే మా పెద్ద మేడం గేటు దగ్గర నిలబడి బతిమిలాడేది. అక్కడ ఇంటికి పోయిన ఆడపిల్ల బడికి తిరిగి వచ్చిందంటే అదృష్టం. పదోతరగతి వాళ్ళయితే మరీ. పత్తి ఏరడానికో మిరప కొయ్యడానికో ఒకసారి అలవాటు పడ్డాక, వచ్చే ఏటికి పెళ్ళి మాట వస్తుంది.

స్టాఫురూములో ఒకాయన, “నటన మేడం. ఒకర్ని చూసి ఒకరు” అన్నాడు. ఆపా అటుకులు నములుతూనే, “నటనైతే మోకాలు చిట్లేటట్టు పడతరా సార్? ఒకర్ని చూసి ఒకరు పడుతున్న మాట నిజమే. భయం గట్లనే అంటుకుంటది. ధైర్యం గుడ అంటుకుంటది, మనం అంటించాలె” అంది. పెద్ద మేడం ఆ మాట పట్టుకొని, “అయితే నువ్వే అంటించు తల్లీ” అని ప్రార్థన సమయమంతా ఆపాకు అప్పగించేసింది.

ఆపా మొదట చేసిన పని ప్రార్థనలో నిలబెట్టడం మానిపించడం. అందరూ చారల గుడ్డల మీద కూర్చునే ప్రార్థన. పడిపోవడానికి ఎత్తు లేకుండా చేసిందన్నమాట. తర్వాత ఊపిరి. తేలిగ్గా తీసుకొని, తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం, అంతే. ఆ తర్వాత భ్రామరి. చెవులు మూసుకొని తేనెటీగలా ఝుమ్మనడం. అడవి తేనె ఎరిగిన పిల్లలు కదా, దాన్ని తెగ ఇష్టపడ్డారు. పుట్టతేనెటీగ ఎట్లా అరుస్తుందో, పెద్దతేనెటీగ ఎట్లా అరుస్తుందో ఆపాకే నేర్పారు. చిక్కు వచ్చింది శవాసనం దగ్గర. ఆ పేరు వినగానే పిల్లలు గొల్లుమన్నారు. అసలే పడిపోతున్న పిల్లలు, పైగా శవమా! ఆపా ఒక్క క్షణం తల గోక్కుంది. “శవం లేదు గివం లేదు. ఇది పరుపాసనం. మా నాయిన కుట్టిన పరుపు మీద పండుకున్నమనుకొని పండుకోండ్రి” అంది. ఆ రోజు నుంచి మా బడిలో అది పరుపాసనమే. మరుసటి ఏడు యోగా దినం నాడు తనిఖీకి వచ్చిన అధికారి అది ఏ గ్రంథంలో ఉందని అడిగితే, పెద్ద మేడం నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆ రోజుల్లోనే లీడరక్క కోసం వాళ్ళమ్మా, తాతా వచ్చారు. తాత ఊళ్ళో పూజలు చేసే పెద్దమనిషి. తెల్లని తలపాగా, భుజాన గొడ్డలి. తడిసిన బట్టలతోనే వరండాలో కూర్చొని, మనవరాలిని దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, వాళ్ళ భాషలో ఏదో మెల్లగా చాలాసేపు అడిగాడు. ఆ పిల్ల తల వంచుకొని ఆయన తడి పంచె కొస పిండుతూ కూర్చుంది. అప్పుడాయన మా వైపు తిరిగి, “పిల్ల గుండెల వాన జొచ్చింది” అన్నాడు. “తీస్కపోత. ఇంటికాడ పూజ జేస్త.”

ఆపా ఆయన ముందు చతికిలబడి కూర్చుంది. “పూజ ఇక్కడనే చెయ్యి తాతా. దారం గట్టు. నేనొద్దనను. నా పని నన్ను చెయ్యనియ్యి.”

“నువ్వు తురకల ఆడబిడ్డవు గదా. ఈ కండ్లు మూసుడు, ముక్కు మూసుడు ఏ దేవునిది?”

“ఊపిరికి దేవుడేంది తాతా? అది ముక్కుది.”

ముసలాయన పళ్ళు లేని నోటితో హాయిగా నవ్వాడు. మనవరాలి మణికట్టుకు దారం కట్టాడు. ఆపా చేతికి కూడా ఒకటి కట్టాడు. ఆమె కాదనలేదు. “వచ్చే సంత దాకా చూస్త. మళ్ళ పడితే తీస్కపోత” అని లేచాడు. తల్లి మాత్రం గేటు దాటేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం వరండాలో చిరిగిన చారల గుడ్డలు కుడుతున్నాం. ఆపా లీడరక్కను సూదికి దారం ఎక్కించమని పిలిచింది. ఏమైందో ఆ పిల్లను అడగాలని నాకు నోరు దురదపెడుతోంది. ఆపా కళ్ళతోనే వారించింది. పొద్దున నాతో అన్న మాటే: “గట్టిపడ్డ దూదిని గుంజితే తెగుతది చెల్లే. ఏకాలె. పోగు పోగు దానంతట అదే విడుతది.” అందుకని మధిర కబుర్లు, రైళ్ళు, వాళ్ళ నాన్న చేతిలో ఝుమ్మని మోగే దూది ఏకుడు బద్ద సంగతులు చెబుతూ కూర్చుంది. కాసేపటికి బయట జల్లు మొదలైంది. పిల్ల చేతిలో సూది ఆగిపోయింది. ఊపిరి పొట్టిదైంది. ఆపా కుట్టు ఆపకుండానే, “వదులు. ముందు వదులు, తర్వాత తీసుకో” అంది. వదిలింది. మళ్ళీ తీసుకుంది. అప్పుడు చెప్పింది, ఎవరి ముఖమూ చూడకుండా.

“నాయినకు జెరమొచ్చినప్పుడు గిట్లనే వాన. మంచం మీద మోస్కొచ్చిన్రు. వాగు నీళ్ళు దిగలే. అవతల ఒడ్డుకు జీపొచ్చి ఉంది మేడం, కనబడుతనే ఉంది. నాయిన గీ ఒడ్డున్నే పోయిండు.” సూదిని గుడ్డలో గుచ్చింది. “మోసినోళ్ళు నలుగురుండె. అండ్ల ఇద్దరు పనికి దూరం పోయిన్రు. ఇప్పుడు అమ్మకేమన్నయితే ఎవరు మోస్తరు?”

నాకు కళ్ళు చెమర్చాయి. ఆపాకు చెమర్చలేదు, లేక నాకు కనిపించనియ్యలేదు. “మంచి ప్రశ్న. రేపటి సంది దాని సంగతి చూద్దం” అంది, ఏదో లెక్కల ప్రశ్న గురించి చెప్పినట్టు. చూసింది కూడా. ఊపిరితోనే అన్నీ అవుతాయని ఆపా ఎప్పుడూ నమ్మలేదు. పెద్ద మేడంతో మాట్లాడి, వాళ్ళ ఊరికి దగ్గర గుట్టమీద సిగ్నలు అందే చోటికి వారానికోసారి తల్లి వచ్చేటట్టు, ఆ వేళకు పిల్ల ఇక్కడి నుంచి మాట్లాడేటట్టు ఏర్పాటు చేయించింది. అది చూసి మిగతా పిల్లలూ అడిగితే, పెద్ద మేడం తన సొంత ఫోను బల్లమీద పెట్టి కూర్చునేది. లీడరక్కను ఆపా భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి మనసు డాక్టరుకు చూపించింది. ఆ డాక్టరమ్మ పిల్లతో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, ఇది జబ్బు పేరు పెట్టి భయపడాల్సింది కాదు, భయానికి ఒంట్లో పుట్టే తుఫాను, వచ్చి పోతుంది అని చెప్పిందట. నెలనెలా వెళ్ళారు. సంతరోజు తాత వచ్చి చూసి, ఒక సొరకాయ బుర్ర నిండా తేనె ఆపా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇళ్ళకు పోయిన పిల్లల్లో కొందరు ట్రంకుపెట్టెలతో తిరిగి వచ్చారు. అందరూ రాలేదు.

వానాకాలం చివర్లో భద్రాచలంలో ఆటలపోటీలు జరిగాయి. లీడరక్కతో సహా మా కబడ్డీ పిల్లలతో ఆపా, నేను కిరాయి వ్యానులో వెళ్ళి, ఓడిపోయి, సంతోషంగానే తిరిగొస్తున్నాం. పైన ఎక్కడో కురిసిన వాన మా కంటే ముందే వచ్చింది. వాగు చప్టా మీదుగా ఎర్రగా పొర్లుతోంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. మేం దిగి ఒడ్డున నిలబడ్డాం. అప్పుడు చూశాను, అవతలి ఒడ్డున ఆగిన ట్రాక్టరు, కొందరు మనుషులు. వాళ్ళ మధ్య నేలమీద దించిన మంచం. మంచం మీద దుప్పటి కప్పిన మనిషి.

నేను లీడరక్క వైపు తిరిగేసరికే ఆ పిల్ల పెదాలు తెల్లబారాయి. ఎగపీలుస్తోంది. పక్కన ఇద్దరు పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని ఏడుపు అందుకున్నారు. ఆపా పరుగెత్తలేదు, కేకవెయ్యలేదు. వెళ్ళి తడినేల మీదే ఆ పిల్ల పక్కన కూర్చొని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. “వస్తున్నది గదా? రానియ్యి. దాన్ని ఆపకు. వదులు, ముందు వదులు.” తర్వాత కళ్ళు మూసుకొని భ్రామరి అందుకుంది. నేనూ అందుకున్నాను. ఒక్కొక్కరే చేరారు. మా వెనక గరుకుగా ఒక ఝుంకారం వినిపిస్తే తిరిగి చూశాను. డ్రైవరు, స్టీరింగు ముందు రెండు చెవులూ మూసుకొని, అందరికంటే శ్రద్ధగా. నాకు ఆ భయంలోనే నవ్వొచ్చింది. నా నవ్వు చూసి ఏడుస్తున్న పిల్ల నవ్వింది.

ఎంతసేపయిందో, లీడరక్క కళ్ళు తెరిచింది. ఇంకా వణుకుతూనే ఉంది. “మేడం, మన వ్యాను వాళ్ళకిద్దమా?” అంది.

“నన్నడుగుతవేంది? డ్రైవరన్ననడుగు.”

డ్రైవరు అడగకుండానే తలూపాడు. “నీళ్ళు తగ్గుతున్నయి. ట్రాక్టరు దాటగానే నేను దవాఖానాకు తీస్కపోత. పైసలొద్దు.”

అప్పుడా పిల్ల లేచి నీటి అంచు దాకా వెళ్ళింది. ప్రార్థనలో వంటమనిషిని సైతం నిటారుగా చేసే ఆ గొంతు మళ్ళీ విన్నాను. వాళ్ళ భాషలో అరిచింది. వాగు హోరు మీద నుంచి ప్రతి మాటా అవతలికి చేరింది. ఏమందో తర్వాత చెప్పింది: “బండి ఉన్నది. మీకోసమే ఉన్నది. మేం పోము. నీళ్ళు దిగుతున్నయి, ఆమెకు చెప్పున్రి.” అవతలి నుంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది. ఆ పిల్ల కూర్చోలేదు. నీళ్ళు తగ్గేదాకా, కొద్దికొద్దిసేపటికీ అదే మాట చెబుతూ అక్కడే నిలబడింది. పొద్దు వాలకముందే ట్రాక్టరు మంచంతో సహా దాటింది. మంచం మీద ఉన్నది విషజ్వరం పట్టిన ఒక నడివయసు ఆడమనిషి. వ్యాను ఆమెను ఎక్కించుకొని వచ్చిన దారినే వెళ్ళింది. మేము అదే ట్రాక్టరెక్కి వాగు దాటి, బురదలో నడుచుకుంటూ బడికి చేరాం. ఆ మనిషి కోలుకొని ఇల్లు చేరిందని తర్వాతి సంతలో తాత చెప్పాడు.

లీడరక్క పదోతరగతి పాసైంది. భద్రాచలంలో డిగ్రీ కూడా చదివింది. ఇప్పుడు చర్లలో ఒక మందుల దుకాణంలో పనిచేస్తోంది. తమ్ముడు ఐటీఐ. తల్లిని తన దగ్గరికే తెచ్చుకుంది, తల్లి మాత్రం వానలు పడగానే పోడు దగ్గరికి వెళ్ళిపోతుందట. పోయినేడు ఫోను చేసినప్పుడు, ఇంకా వాన వస్తే ఛాతీ పడుతుందా అని అడిగాను. “అవ్ మేడం, పడుతది. ఎరికున్న చుట్టం లెక్క వస్తది. కూసుంటది, పోతది” అని నవ్వింది. ఆపా మధిరకు బదిలీ అయి అక్కడే రిటైరైంది. అన్నల దుకాణం వెనక గదిలో ఇరుగుపొరుగు పిల్లలకు నేర్పుతోంది. పరీక్షల కాలంలో ఆ గది నిండిపోతుందని చెప్పింది. మా పెద్ద మేడం ఇప్పటికీ తన ఫోను ఎవరడిగినా ఇచ్చేస్తుంది.

ఆ సంవత్సరం మా డైరీల్లో, రికార్డుల్లో వానలు బాగా పడిన ఒక మామూలు సంవత్సరం. మేము పెద్దవాళ్ళం, ఇట్లాంటి ముసుర్లు ఎన్నో చూశాం. దసరా వస్తే ఎండ కాస్తుందని మాకు తెలుసు. కాని పదిహేనేళ్ళ వయసులో ఒక వానాకాలం ఎంత పొడుగ్గా ఉంటుందో మనం మరిచిపోతాం. దాని తర్వాత ఇంకో కాలం ఉంటుందని, దాన్ని ఒకసారి దాటిచూస్తే తప్ప ఆ పిల్లలకైనా, మా పై అంతస్తు అమ్మాయికైనా తెలిసే దారి లేదు.